చెంచా నుండి చెట్టు వరకు

నెల్లూరు జిల్లా పడమటి భాగంలో ఉన్న ఉదయగిరి పేరు వినగానే చరిత్ర చదివినవారికి శ్రీకృష్ణదేవరాయలు జ్ఞాపకం వస్తాడు. గజపతుల ఆధీనంలో ఉన్న ఆ గిరిదుర్గాన్ని ఆయన 1513లో ముట్టడించి, సుమారు ఏడాదిన్నర పోరాడి, 1514లో వశపరచుకొన్నాడు. చరిత్రతో అంతగా పరిచయం లేనివారికి మాత్రం ఉదయగిరి అంటే కొయ్య చెంచాలు. దుర్గం కొండల మీద దొరికే నర్ది, బిక్కి వంటి చెట్ల కర్రతో అక్కడి స్త్రీలు చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. ఈ హస్తకళకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఆ చెంచాను ఒకదాన్ని చేతిలోకి తీసుకొని చూస్తే దాని గురించి ఎంత తెలుస్తుంది? పని తెలిసినవారైతే అది ఏ జాతి కర్రో చెప్పగలరు. ఉలి ఎటునుంచి ఎటు నడిచిందో, ఆకురాయి ఎక్కడ ఆడిందో గుర్తు పట్టగలరు. అటువంటి చెంచానే మరొకదాన్ని చెక్కగలరు కూడా. కానీ ఆ కర్రను ఎన్నాళ్లు ఆరబెట్టారో, చెక్కేటప్పుడు ఎన్ని ముక్కలు విరిగిపోయాయో, పిడికి ఆ వంపు ఎందుకు పెట్టారో చెంచా చెప్పదు. చెంచా నుండి చెట్టు వరకు వెనక్కి నడిచే దారిలో కొంత దూరం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తరువాత అంతా ఊహే.

కంప్యూటర్ ప్రోగ్రాము విషయంలో ఇలా వెనక్కి నడిచే ప్రయత్నాన్ని చేసే పనిముట్టునే డీకంపైలర్ అంటారు.

మనిషి ప్రోగ్రామును తనకు అర్థమయ్యే భాషలో రాస్తాడు. ఆ మూలరూపాన్ని సోర్సు కోడు అని వ్యవహరిస్తారు. కంప్యూటరుకు ఆ భాష తెలియదు. దానికి తెలిసినవి సున్నాలు, ఒకట్లు మాత్రమే. కంపైలర్ అనే అనువాదకం ఆ మూలరూపాన్ని యంత్రభాషలోకి మారుస్తుంది. ఈ మార్పులో చాలా సంగతులు రాలిపోతాయి. రచయిత ‘మొత్తం అంటే వెలకు పన్ను కలిపినది’ అని పేర్లు పెట్టి రాసుకొన్నదాన్ని యంత్రం రెండు స్థానాల్లోని అంకెలను కూడి మూడో స్థానంలో ఉంచమనే ఆజ్ఞగా మాత్రమే దాచుకొంటుంది. పక్కన రాసుకొన్న వివరణలు పూర్తిగా మాయమవుతాయి. డీకంపైలర్ ఈ యంత్రభాషను చదివి, మళ్లీ మనిషి చదవగలిగే రూపంలోకి తెస్తుంది. అయితే పోయిన పేర్లు దానికి దొరకవు కనుక ఒకటో విలువ, రెండో విలువ అంటూ తన సొంత పేర్లు పెడుతుంది. జావా, డాట్‌నెట్ వంటి పద్ధతుల్లో తయారైన ప్రోగ్రాములలో పేర్లు చాలావరకు నిలిచి ఉంటాయి. అందువలన వాటిని వెనక్కి మార్చడం తేలిక. సి భాషలో రాసి యంత్రభాషకు మార్చినవాటి సంగతి అలా కాదు.

ఈ విద్య కొత్తది కాదు. అమెరికా నౌకాదళ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో 1960లోనే డి-నెలియాక్ అనే డీకంపైలర్ తయారైంది. పాత యంత్రాల కోసం రాసిన ప్రోగ్రాములను కొత్త యంత్రాలకు తరలించడానికి అటువంటివి ఉపయోగపడ్డాయి. క్రిస్టినా సిఫ్యుయెంటెస్ 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఈ విషయానికి శాస్త్రీయమైన పునాది వేసింది. 2000 సంవత్సరపు సమస్యను సరిదిద్దడానికి తెలుగు జిల్లాల నుంచి ఎందరో యువకులు విదేశాలకు వెళ్లిన రోజులలో, మూలరూపం పోగొట్టుకొన్న పాత ప్రోగ్రాములను బాగుచేయడం పెద్ద తలనొప్పిగా ఉండేది. రాసినవాడు లేడు, రాసినది లేదు, పనిచేసే యంత్రం మాత్రం ఉంది. డీకంపైలర్ అవసరం ఎక్కువగా ఇటువంటి చోటే కలుగుతుంది.

ఇటువంటి అవసరం ఉదయగిరిలో ఏర్పడిందని ఊహించుకోవచ్చు. కొయ్య చెంచాలు చేయించి అమ్మే ఒక చిన్న కేంద్రం ఉంది. దానిని నడిపే పెద్దావిడ చాలా ఏళ్ల కిందట ఒక ఇంజనీరు చేత బిల్లుల ప్రోగ్రాము రాయించుకొన్నది. ఎవరు ఎన్ని చెంచాలు ఇచ్చారు, ఎవరికి ఎంత కూలి బాకీ, ఏ ఊరి దుకాణానికి ఎంత సరుకు వెళ్లింది అన్న లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినప్పటి నుంచి ఆ ప్రోగ్రాము వేసే బిల్లులో పన్ను తప్పుగా పడుతోంది. ఆమె ప్రతి బిల్లునూ చేత్తో దిద్దుకొంటూ వస్తోంది. రాసిన ఇంజనీరు ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఆత్మకూరులో ఇంటర్మీడియట్ చదువుతూ, సెలవులకు ఇంటికి వచ్చిన పొరుగింటి అబ్బాయితో ఆమె ఈ మాట చెప్పింది. కంప్యూటరు అంటే ఆసక్తి ఉన్న ఆ కుర్రవాడు డీకంపైలర్ గురించి ఎక్కడో చదివాడు. “రేపే చూస్తాను పెద్దమ్మా” అన్నాడు.

ఆ కుర్రవాడి కోరికలో తప్పు లేదు. తెరచి చూడాలన్న కుతూహలం లేనిదే ఏ విద్యా రాదు. ఇతరులు రాసిన ప్రోగ్రామును విప్పి చూసే నేర్పు లోకానికి ఎంత మేలు చేయగలదో 2017 మే నెలలో అందరికీ తెలిసింది. వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము అనేక దేశాల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని వాత పడ్డాయి. మార్కస్ హచిన్స్ అనే ఇరవై రెండేళ్ల బ్రిటిష్ యువకుడు ఆ ప్రోగ్రాము నమూనాను విడిగా ఉంచిన యంత్రంలో పరిశీలిస్తూ, అది ఎవరూ నమోదు చేసుకోని ఒక వింత ఇంటర్నెట్ చిరునామా కోసం వెతుకుతున్నదని గమనించాడు. దానిని తన పేరున నమోదు చేశాడు. ఆ చిరునామా పలికిన మరుక్షణం నుంచి ప్రోగ్రాము తనంతట తాను ఆగిపోయేటట్లు రాసి ఉన్నదని తరువాతి పరిశీలనలో తేలింది. వ్యాప్తికి అలా అడ్డుకట్ట పడింది. ఆ వాక్యంలోని ‘విడిగా ఉంచిన యంత్రం’ అన్న మాట మాత్రం మరవరానిది.

ఉదయగిరి కుర్రవాడు అంత ఆలోచించలేదు. కేంద్రంలోని కంప్యూటరు ముందే కూర్చొని, డాట్‌నెట్ ప్రోగ్రాములను విప్పే పనిముట్టు కోసం ఇంటర్నెట్‌లో వెతికాడు. వెతికినప్పుడు మొదట కనిపించిన లంకెను నొక్కబోయాడు. ఈ విద్యలోని మొదటి ప్రమాదం ఉన్నది అక్కడే. విప్పబోయే ప్రోగ్రాములో ఏముందో అన్న భయం అందరికీ ఉంటుంది. విప్పే పనిముట్టులో ఏముందో అన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు.

డీఎన్‌స్పై అనే పనిముట్టు కథ దీనికి మంచి ఉదాహరణ. డాట్‌నెట్ ప్రోగ్రాములను విప్పడానికి, అవి నడిచే తీరును గమనించడానికి ఎందరో దీనిని వాడేవారు. దీని నిర్మాత 2020 చివరలో పనిని ఆపివేసి, ఆ భాండాగారాన్ని మూసివేశాడు. యజమాని లేని ఇంట్లో దొంగలు చొరబడినట్లు, ఆ పేరును కొందరు మోసగాళ్లు వాడుకొన్నారు. అదే పేరుతో వేరొక భాండాగారాన్ని, చూడముచ్చటైన ఒక వెబ్‌సైటును తయారు చేసి, ఇంటర్నెట్‌లో వెతికేవారికి అది ముందుగా కనిపించేటట్లు ఏర్పాటు చేసుకొన్నారు. 2022 జనవరిలో ఈ మోసం బయటపడింది. అక్కడి నుంచి దించుకొన్న డీకంపైలర్ నిజంగానే పనిచేసేది. దానితో పాటు మరికొన్ని పనులు కూడా జరిగేవి. యంత్రంలోని రక్షణ వ్యవస్థ మూగబోయేది. దూరాన ఉన్నవాడు ఈ యంత్రాన్ని తన ఇష్టం వచ్చినట్లు నడిపే ద్వారం తెరచుకొనేది. ఒక చోట నకలు తీసుకొన్న డిజిటల్ నాణేల ఖాతా సంఖ్యను మరో చోట అతికించేలోగా దాని స్థానంలో దొంగ ఖాతా సంఖ్య వచ్చి కూర్చొనేది. వాడుతున్నవాడికి ఇవేవీ కనిపించవు. డీకంపైలర్ బాగానే నడుస్తున్నదని సంతోషిస్తాడు.

అనుభవం లేనివారే ఇటువంటి వలలో పడతారనుకోవడం సరికాదు. ఐడా ప్రో అనేది ఈ రంగంలో పేరెన్నికగన్న పనిముట్టు. దాని వెల ఎక్కువ కనుక తాళం పగలగొట్టిన దొంగ ప్రతులు ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి. ఉత్తర కొరియాకు చెందినదిగా భావించే లాజరస్ అనే ముఠా ఇటువంటి ప్రతి ఒకదానిలో విషం కలిపిందని 2021 నవంబరులో ఈసెట్ అనే భద్రతా సంస్థ వెల్లడించింది. ఐడా ప్రోను యంత్రంలో స్థాపించేటప్పుడు రెండు అదనపు ఫైళ్లు కూడా నిశ్శబ్దంగా చేరేవి. వాటిలో ఒకటి కంప్యూటరు చేసే నిత్యకృత్యాల పట్టికలో ఒక కొత్త పనిని చేర్చేది. ఆ పని రెండవ ఫైలును నడిపేది. ఆ రెండవది బయటి నుంచి మరింత విషాన్ని తెచ్చుకోవడానికి ప్రయత్నించేది. ఈ వల ఎవరి కోసం పన్నారో గమనించాలి. ఇతరుల ప్రోగ్రాములలోని విషాన్ని కనిపెట్టడమే వృత్తిగా గల పరిశోధకుల కోసం పన్నారు. పాములవాడి బుట్టలోనే మరో పామును దాచడం వంటిది ఇది.

ఎవరూ విషం కలపకపోయినా పనిముట్టులోనే లోపం ఉండవచ్చు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ తాను ఏళ్ల తరబడి వాడుకొన్న ఘీద్రా అనే డీకంపైలర్‌ను 2019 మార్చిలో ఉచితంగా విడుదల చేసింది. దాని మూలరూపం కూడా అందరికీ అందుబాటులోకి వచ్చింది. విడుదలైన వెంటనే మాథ్యూ హికీ అనే పరిశోధకుడు దానిలో ఒక లోపాన్ని చూపాడు. దోషాలు వెతికే విధానంలో ఘీద్రాను నడిపినప్పుడు అది తన యంత్రానికి మాత్రమే వినిపించవలసిన ఒక ద్వారాన్ని మొత్తం నెట్‌వర్కుకు తెరచి ఉంచుతోంది. ఆ నెట్‌వర్కులో ఉన్న మరొకరు ఆ ద్వారం గుండా వచ్చి, తమకు కావలసిన ఆజ్ఞలను ఈ యంత్రం చేత చేయించవచ్చు. లోపాన్ని త్వరలోనే సరిదిద్దారు. ఉదయగిరి ముట్టడి సమయంలో రాయల సైన్యం కొండ రాళ్లను పగలగొట్టి దారులు వేసిందని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిన వృత్తాంతం తెలుపుతుంది. కోటలోకి ఎక్కడానికి వేసిన దారి కోటలోనివారు దిగిరావడానికి కూడా పనికివస్తుంది. ముట్టడి వేసినవాడు తన శిబిరానికి కాపలా పెట్టుకొనేది అందుకే.

పనిముట్టు మంచిదే దొరికిందనుకొన్నా, రెండవ ప్రశ్న మిగిలే ఉంటుంది. విప్పబోయేది ఏమిటి? డీకంపైలర్ తనంతట తాను ప్రోగ్రామును నడపదు. కాగితం మీది అక్షరాలను చదివినట్లు దానిని చదువుతుంది. అందువలన చాలామంది ప్రమాదం లేదని తలుస్తారు. కానీ విప్పి చూస్తున్నవాడికి కాసేపటికి అది నడిస్తే ఎలా ఉంటుందో చూడాలనిపిస్తుంది. అనేక పనిముట్లలో చదవడానికి, నడపడానికి మీటలు పక్కపక్కనే ఉంటాయి. చెయ్యి జారితే చాలు. వైరస్సు ఎలా ఉంటుందో చూద్దామని నమూనాలను దించుకొని, ఇంట్లో అందరూ వాడే కంప్యూటరులోనే దాచుకొనేవారు తమకు తెలియకుండానే నిప్పును గడ్డివాములో దాచుకొంటున్నారు. ఇతరులు పంపిన ప్రోగ్రాము ప్రాజెక్టును తెరచి నిర్మించినప్పుడు కూడా ఇటువంటి ముప్పు ఉంటుంది. భద్రతా పరిశోధకులతో స్నేహం చేసుకొని, కలిసి పనిచేద్దామంటూ విషపు ప్రాజెక్టులను పంపిన ఒక ముఠా గురించి గూగుల్ సంస్థ 2021 జనవరిలో హెచ్చరించింది.

ఈ పనిని వృత్తిగా చేసేవారు అందుకే వేరొక యంత్రాన్ని ఉంచుకొంటారు. అది వేరే కంప్యూటరు కావచ్చు, లేదా ఒకే కంప్యూటరులో ఊహాయంత్రంగా నడిచే మరొక కంప్యూటరు కావచ్చు. దానిలో సొంత ఫోటోలు, బ్యాంకు వివరాలు, రహస్య పదాలు ఉండవు. ఇంటర్నెట్ తీగ ఉండదు. పని మొదలు పెట్టకముందు ఆ యంత్రపు స్థితిని భద్రపరచుకొని, పని ముగిశాక మళ్లీ ఆ స్థితికే తిప్పివేస్తారు. పనిముట్టును దాని నిర్మాతల స్థానం నుంచే దించుకొంటారు. నిర్మాతలు ప్రకటించిన ఫైలు వేలిముద్ర తాము దించుకొన్న ఫైలు వేలిముద్రతో సరిపోలిందో లేదో చూసుకొంటారు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది. ఇవన్నీ విసుగు పుట్టించే పనులే. ఘీద్రా, ఐఎల్‌స్పై వంటివి ఉచితంగా దొరుకుతుండగా దొంగ ప్రతుల కోసం వెతకడం కంటే మాత్రం ఇవి తక్కువ శ్రమ.

మూడవ ప్రమాదం అంత భయంకరంగా కనిపించదు. డీకంపైలర్ చూపినదే సత్యమని నమ్మడం ఆ ప్రమాదం. అది చూపేది మూలరూపం కాదు, మూలరూపం ఇలా ఉండి ఉండవచ్చునన్న ఒక అంచనా. యంత్రభాషలో ఏది ఆజ్ఞ, ఏది కేవలం దాచిన సమాచారం అన్నది అన్ని వేళలా కచ్చితంగా విడదీయగల పద్ధతి లేదని గణకశాస్త్రం చెబుతుంది. బిల్లుల ప్రోగ్రామునే తీసుకోవచ్చు. లెక్కలో తేడా రాకుండా రాసినవాడు రూపాయలను పైసలుగా మార్చి దాచి ఉండవచ్చు. విప్పి చూసినప్పుడు ప్రతిచోటా ఏదో ఒక విలువను నూరుతో భాగించడం కనిపిస్తుంది. ‘ఇదే పన్ను శాతం కట్టే లెక్క’ అనుకొని, తొందరపడి దానిని మార్చినవాడు పన్నును కాక కూలి లెక్కలను మొత్తం తారుమారు చేస్తాడు. బిల్లు తప్పితే ఎవరో ఒకరు అడుగుతారు. రోజుకు ఇన్ని చెంచాలని చెక్కి, వారానికి ఒకసారి డబ్బు తీసుకొనే మనిషి ఖాతాలో బాకీ తగ్గిపోతే, ఆమె దగ్గర వేరే లెక్క ఉండదు. కంప్యూటరు చెప్పిందంటే సరేననుకొంటుంది.

ఇక చట్టం సంగతి. దీనిని గురించి విద్యార్థులలో రెండు రకాల అపోహలు ఉన్నాయి. విప్పడమే నేరమని కొందరు, కొన్నదాన్ని ఏమైనా చేసుకోవచ్చునని మరికొందరు అనుకొంటారు. రెండూ నిజం కావు.

మన దేశపు కాపీరైటు చట్టం 1957 నాటిది. కంప్యూటర్ ప్రోగ్రామును 1984లో చేసిన సవరణ ద్వారా సాహిత్య రచనల కోవలో చేర్చారు. కథకు, కావ్యానికి ఉన్న రక్షణే ప్రోగ్రాముకు కూడా లభించింది. అయితే ఆ చట్టంలోని 52వ విభాగం కొన్ని మినహాయింపులు ఇచ్చింది. 1999 సవరణతో అవి మరింత విస్తరించాయి. ప్రోగ్రామును న్యాయంగా పొందినవారు, దాని వెనుక ఉన్న భావనలను, సూత్రాలను తెలుసుకోవడానికి దాని పనితీరును పరిశీలించవచ్చు, పరీక్షించవచ్చు. తాము స్వతంత్రంగా రాసుకొన్న మరొక ప్రోగ్రాము దీనితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారాన్ని కూడా రాబట్టవచ్చు. అయితే ఆ సమాచారం వేరే మార్గంలో సులభంగా దొరకనిదై ఉండాలి. సొంతానికి, వ్యాపారేతర అవసరానికి ప్రతులు చేసుకోవడం గురించి కూడా ఒక నిబంధన ఉంది. ఐరోపా దేశాల సమాజం 1991లో ఇటువంటి ఏర్పాటే చేసింది. అమెరికాలో సెగా, అకొలేడ్ అనే రెండు సంస్థల మధ్య జరిగిన వ్యాజ్యంలో 1992లో వెలువడిన తీర్పు కూడా ఇదే దారిలో నడిచింది. న్యాయంగా పొందడం, వేరే దారి లేకపోవడం అనే రెండు షరతులు ఇక్కడ కీలకమైనవి. దొంగ ప్రతిని తెచ్చుకొన్నవారికి మొదటి షరతులోనే తలుపు మూసుకొంటుంది. తెలిసి తెలిసి దొంగ ప్రోగ్రామును కంప్యూటరులో వాడడం 63బి విభాగం కింద విడిగా ఒక నేరం. తాళం పగలగొట్టిన డీకంపైలర్‌తో ఎంత మంచి పని చేసినా ఆ నేరం అలాగే ఉంటుంది.

విప్పి చూడడం ఒక ఎత్తు, విప్పినదాన్ని మార్చడం మరొక ఎత్తు. ఈ తేడా తెలుగునాట ఒక వ్యాజ్యంలో చర్చకు వచ్చింది. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ సంస్థ తన చందాదారులకు ఒక పథకాన్ని ప్రకటించింది. 10,500 రూపాయల విలువ చేసే సెల్‌ఫోనును మొదట 3,350 రూపాయలు చెల్లించి తీసుకోవచ్చు. కానీ మూడేళ్ల పాటు ఆ సంస్థ సేవలనే వాడుకోవాలి. ఫోను వేరే సంస్థ సేవలకు పనిచేయకుండా లోపల ఏర్పాటు చేశారు. ప్రత్యర్థి సంస్థ టాటా ఇండికామ్‌కు చెందిన కొందరు ఉద్యోగులు ఆ ఫోన్లలోని ఎలక్ట్రానిక్ క్రమ సంఖ్యకు సంబంధించిన ఏర్పాటును మార్చి, చందాదారులను తమవైపు తిప్పుకొన్నారన్నది ఆరోపణ. హైదరాబాదులో నేర పరిశోధక విభాగం పోలీసులు కేసు నమోదు చేశారు. కేసును కొట్టివేయవలసిందిగా నిందితులు ఉమ్మడి రాష్ట్ర హైకోర్టును ఆశ్రయించారు.

2005 జూలై 29న వెలువడిన ఆ తీర్పు ఈనాటికీ న్యాయ విద్యార్థులు చదువుతున్న తీర్పు. సెల్‌ఫోను కంప్యూటరు అవుతుందా అన్నది కోర్టు ముందున్న ఒక ప్రశ్న. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టంలోని నిర్వచనం ప్రకారం అవుతుందని కోర్టు చెప్పింది. అరచేతిలో పట్టే ఫోనును కంప్యూటరు అనడం ఈ రోజున వింతగా తోచదు గాని, మీటలు నొక్కి మాట్లాడుకోవడానికే ఫోను వాడుతున్న ఆ కాలంలో అది ముందుచూపు గల మాట. ఫోనును నడిపించే ఆ సంకేతాలు సోర్సు కోడు కిందికి వస్తాయని, వాటిని మార్చడం ఆ చట్టంలోని 65వ విభాగం పరిధిలోకి రాగలదని కూడా న్యాయస్థానం అభిప్రాయపడింది. నమ్మకద్రోహం, మోసం, కుట్ర అనే ఆరోపణలను కొట్టివేసి, సోర్సు కోడును మార్చారన్న ఆరోపణ మీద, కాపీరైటు ఉల్లంఘన ఆరోపణ మీద దర్యాప్తును కొనసాగనిచ్చింది. చట్టరీత్యా భద్రపరచవలసిన సోర్సు కోడును ఉద్దేశపూర్వకంగా దాచినా, నాశనం చేసినా, మార్చినా మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని 65వ విభాగం చెబుతుంది.

యజమాని అనుమతి లేకుండా ఒకరి కంప్యూటరులోకి ప్రవేశించడం, దానిలోని సమాచారాన్ని నకలు తీయడం, పాడుచేయడం ఆ చట్టంలోని 43వ విభాగం కిందికి వస్తాయి. దురుద్దేశంతో చేస్తే 66వ విభాగం కింద శిక్షార్హమవుతాయి. స్నేహితుడి యంత్రమైనా, కళాశాల ప్రయోగశాలలోని యంత్రమైనా ఈ విషయంలో తేడా లేదు. ప్రోగ్రాముతో పాటు వచ్చే లైసెన్సు ఒప్పందాలలో విప్పి చూడరాదన్న షరతు తరచుగా ఉంటుంది. ఎవరూ చదవకుండానే సమ్మతి మీటను నొక్కుతారు. ఆ షరతును ఉల్లంఘిస్తే అది ఒప్పందానికి సంబంధించిన మరొక చిక్కు.

మళ్లీ ఉదయగిరిలోని ఆ కేంద్రం దగ్గరకు వస్తే, మొదటి లంకెను నొక్కబోయిన కుర్రవాడు ఆగి, ఆ వెబ్‌సైటు పేరును మళ్లీ చదివాడు. దాని నిర్మాతలు ఎవరో అక్కడ ఎక్కడా లేదు. పైగా తాను కూర్చొన్న యంత్రంలోనే నలభై మంది కూలి లెక్కలు ఉన్నాయన్న సంగతి అప్పుడే అతనికి తట్టింది. లేచి, ఆ రాత్రికి ఏమీ చేయలేదు. మరునాడు పెద్దావిడను అడిగి ప్రోగ్రామును, దాని పక్కనున్న ఫైళ్లను ఒక పెన్ డ్రైవులోకి నకలు తీసుకొన్నాడు. కొన్ననాటి రసీదు ఉన్నదేమో వెతికించాడు. పసుపు పచ్చబడిన కాగితం ఒకటి పాత డైరీలో దొరికింది. సెలవులు ముగిసి ఆత్మకూరుకు వెళ్లాక, తన మేనమామ ఇంట్లో మూలన పడి ఉన్న పాత లాప్‌టాప్‌ను శుభ్రం చేసి, అందులో ఉన్నవన్నీ చెరిపివేశాడు. ఐఎల్‌స్పైని దాని నిర్మాతల స్థానం నుంచి దించుకొని, ఆ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఇంటర్నెట్‌ను తీసివేశాడు.

ప్రోగ్రాము తెరచుకొంది. పేర్లు చాలావరకు నిలిచే ఉన్నాయి. బిల్లు వేసే భాగాన్ని వెతికి పట్టుకోవడానికి అతనికి రెండు సాయంత్రాలు పట్టింది. చదివితే అక్కడ పన్ను శాతం అంకె లేదు. ‘అమరికల ఫైలు నుంచి పన్నును చదువు’ అన్న ఆజ్ఞ మాత్రం ఉంది. ఆ అమరికల ఫైలు ప్రోగ్రాము పక్కనే, అదే సంచయంలో, మొదటి నుంచీ ఉంది. నకలు తీసేటప్పుడు అతను దానిని చూశాడు కూడా. నోట్‌ప్యాడ్‌లో తెరిచే మామూలు పాఠ్య ఫైలు అది. అందులో పదకొండు వరుసలు ఉన్నాయి. ఏడవ వరుసలో పాత అమ్మకపు పన్ను శాతం ఉంది.

తరువాతి ఆదివారం అతను ఉదయగిరి బస్సెక్కాడు. మొదట ఆ ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టి, పెద్దావిడ చెప్పిన శాతాన్ని ఏడవ వరుసలో వేశాడు. ఆమె ఒక బిల్లు తీయించి, కళ్లజోడు పెట్టుకొని, కాగితం మీద పెన్సిలుతో తాను వేసుకొన్న లెక్కతో పోల్చి చూసింది. ఆ తరువాత కూలి ఖాతా కూడా తెరిపించి, మొదటి ముగ్గురి బాకీలు తన డైరీలో ఉన్నట్లే ఉన్నాయో లేదో సరిచూసింది.

“ఇంత చిన్నదానికా నాయనా నాలుగు వారాలు?” అన్నది.